రెడ్ జయంట్ ఇచ్చిందెంత, పల్సార్ ఉంచుకున్నదెంత: పీఎస్ఆర్ జే1713+0747 కేస్ స్టడీ

జంట నక్షత్రాల పరిణామాన్ని లెక్కలు కట్టి వెనక్కి నడిపించడం నా పని. అందులోనూ ఒకటి న్యూట్రాన్ నక్షత్రం (పేలిపోయిన పెద్ద నక్షత్రంలో మిగిలిన బాగా నొక్కుకుపోయిన ముద్ద), రెండోది రెడ్ జయంట్ (ముసలితనంలో ఉబ్బిన ఎర్రటి నక్షత్రం) అయిన జంటలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదట ఏ కేసు ఇవ్వాలని అడిగితే నేను పీఎస్ఆర్ జే1713+0747 పేరే చెబుతాను.

విచిత్రం ఏమిటంటే ఇందులో ఇప్పుడు రెడ్ జయంట్ లేదు. ఉన్నవి ఒక మిల్లీసెకను పల్సార్, అంటే సెకనుకు వందలసార్లు తిరుగుతూ క్రమంగా రేడియో పల్స్‌లు పంపే న్యూట్రాన్ నక్షత్రం, దానికి తోడుగా ఒక వైట్ డ్వార్ఫ్. అయినా ఇది రెడ్ జయంట్ కేసే. ఆ వైట్ డ్వార్ఫ్ ఒకప్పటి రెడ్ జయంట్ కోర్. పై పొరలన్నీ ఊడిపోయాక మిగిలిన హీలియం ముద్ద అది. రెడ్ జయంట్ ఇంకా బతికే ఉన్న జంటలు లేకపోలేదు. జీఎక్స్ 1+4 అలాంటిదే, దాని కక్ష్యా కాలం 1,161 రోజులు. కానీ అక్కడ ఏ నక్షత్రం బరువూ కచ్చితంగా తెలియదు. ఇక్కడ పల్సార్ గడియారంలా పనిచేస్తుంది కాబట్టి జరిగిపోయిన కథకు గట్టి సాక్ష్యం దొరుకుతుంది.

చేతిలో ఉన్న కొలతలు

ఈ పల్సార్‌ను అరెసిబో టెలిస్కోప్‌తో కనుగొని ఫాస్టర్, వోల్ష్‌చాన్, కమీలో 1993లో ప్రకటించారు. ఇది 4.57 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు దాదాపు 219 సార్లు తన చుట్టూ తాను తిరుగుతుంది. జంట కక్ష్యా కాలం 67.8 రోజులు. పల్సార్ అయస్కాంత క్షేత్రం సుమారు 20 కోట్ల గాస్. వినడానికి పెద్ద అంకెలా ఉన్నా, కొత్తగా పుట్టిన మామూలు పల్సార్లలో ఇది లక్ష కోట్ల గాస్ వరకు ఉంటుంది. అంటే ఇక్కడ క్షేత్రం వేల రెట్లు బలహీనపడింది. ఇంత వేగం, ఇంత బలహీన క్షేత్రం కలిసి కనబడితే, తోడు నక్షత్రం నుంచి పదార్థం వచ్చి పడి పల్సార్ మళ్లీ వేగం పుంజుకుందని అర్థం. ఈ ఆలోచనను 1982లో ఒకవైపు ఆల్పర్ బృందం, మరోవైపు రాధాకృష్ణన్, శ్రీనివాసన్ విడివిడిగా ముందుకు తెచ్చారు.

అసలు విలువైన కొలతలు ద్రవ్యరాశులవి. కక్ష్యలో వైట్ డ్వార్ఫ్ మనకూ పల్సార్‌కూ మధ్యకు దగ్గరగా వచ్చినప్పుడు, పల్స్ దాని గురుత్వాకర్షణ గుంట గుండా రావాల్సి ఉంటుంది. అందువల్ల కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యమవుతుంది. దీన్ని షపీరో ఆలస్యం అంటారు. ఈ పల్సార్ పల్స్‌ల రాకను వంద నానోసెకన్ల స్థాయిలో పట్టుకోగలం కాబట్టి ఆ చిన్న ఆలస్యం స్పష్టంగా కనబడుతుంది. దాని పరిమాణం నుంచి వైట్ డ్వార్ఫ్ బరువు, దాని ఆకారం నుంచి కక్ష్య వంపు వస్తాయి. ఆ రెండూ తెలిస్తే పల్సార్ బరువు తెలుస్తుంది. ఇలా వైట్ డ్వార్ఫ్ 0.29 సౌర ద్రవ్యరాశులని (సూర్యుడి బరువు ఒకటి అనుకుంటే) తేలింది. ఇందులో అనిశ్చితి 0.01 మాత్రమే. పల్సార్ 1.33 సౌర ద్రవ్యరాశులు, అనిశ్చితి 0.10. ఈ 1.33 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. కేసు అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

చివరి రోజున రెడ్ జయంట్ ఎంత పెద్దది?

తక్కువ బరువున్న రెడ్ జయంట్‌లో మధ్యన బాగా నొక్కుకుపోయిన హీలియం కోర్ ఉంటుంది. దాని పైన పల్చటి పొరలో హైడ్రోజన్ మండుతూ ఉంటుంది. ఆ పొర మీద ఉండే గురుత్వాకర్షణ అంతా కోర్‌దే. పైన ఉబ్బి ఉన్న కవచం బరువు ఎంతైనా ఆ మంటకు పెద్దగా తేడా ఉండదు. అందుకే రెడ్ జయంట్ కాంతీ, దాని వ్యాసార్థమూ దాదాపుగా కోర్ బరువు మీదే ఆధారపడతాయి. మా రంగంలో ఇంత గట్టిగా నమ్మదగిన సంబంధాలు చాలా తక్కువ.

1995లో రాపపోర్ట్, ఆయన సహచరులు ఈ సంబంధాన్ని ఒక సూత్రంగా ఇచ్చారు. సూర్యుడి లాంటి రసాయన కూర్పు ఉన్న నక్షత్రంలో కోర్ 0.29 అయితే, ఆ సూత్రం ప్రకారం రెడ్ జయంట్ వ్యాసార్థం సూర్యుడికి సుమారు 21 రెట్లు.

ఇప్పుడు రెండో దారిలో వద్దాం. జంటలో ప్రతి నక్షత్రానికీ తన గురుత్వాకర్షణ ఏలుబడి చెల్లే ఒక హద్దు ఉంటుంది. అదే రోష్ లోబ్. రెడ్ జయంట్ ఉబ్బి ఆ హద్దును దాటితే పదార్థం పక్క నక్షత్రం వైపు జారిపోతుంది. పదార్థం జారడం ఆగిన చివరి క్షణంలో రెడ్ జయంట్ సరిగ్గా తన లోబ్ నిండా ఉండాలి. ఆ తర్వాత కక్ష్య దాదాపుగా మారలేదు. కాబట్టి నేటి 67.8 రోజుల కక్ష్య, 0.29, 1.33 బరువులు తీసుకుని ఆనాటి లోబ్ వ్యాసార్థం లెక్క కట్టవచ్చు. అది సూర్యుడికి సుమారు 21 రెట్లు వస్తుంది.

ఒకటి నక్షత్రం లోపలి మంటల నుంచి, రెండోది కక్ష్య జ్యామితి నుంచి వచ్చిన అంకె. రెండింటికీ ఒకదానితో ఒకటి పని లేదు. అయినా ఒకేచోట కలిశాయి. ఈ లెక్కను కాగితం మీద చేయకుండా నేరుగా మెసా లాంటి నక్షత్ర పరిణామాన్ని లెక్కించే ప్రోగ్రామ్‌లోకి దూకవద్దని నేను కుర్రవాళ్లకి గట్టిగా చెబుతాను. అర గంట పని, కానీ ఆ నమ్మకం ఇంకెక్కడా దొరకదు.

అయితే అంకెలను మరీ బిగించి పట్టుకోకూడదు. రాపపోర్ట్ సూత్రంలోనే, ఒకే కోర్ బరువుకు వచ్చే కక్ష్యా కాలం ఇటూ అటూ రెండు రెట్లకు పైగా మారవచ్చు. భార మూలకాలు తక్కువగా ఉన్న రెడ్ జయంట్లు కాస్త చిన్నవిగా ఉంటాయి. 1999లో టౌరిస్, సావొనియె ఇచ్చిన సూత్రం వాడితే 67.8 రోజుల కక్ష్యకు వైట్ డ్వార్ఫ్ 0.31 ఉండాలి. కొలత 0.29. ఈ 0.02 తేడాను నేను వైఫల్యంగా చూడను. ఎందుకంటే అదే సూత్రం పీఎస్ఆర్ జే0437-4715 అనే ఇంకో పల్సార్‌కు, 5.74 రోజుల కక్ష్యతో, 0.23 అని చెబుతుంది. అక్కడ కొలిచింది సుమారు 0.22. కక్ష్యా కాలం పన్నెండు రెట్లు మారినా సూత్రం దారి తప్పలేదు.

రెడ్ జయంట్ ఉండేదనడానికి ఇంకో సాక్ష్యం కక్ష్య గుండ్రదనం. దీని ఉత్కేంద్రత, అంటే కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె, 0.000075. పూర్తి వృత్తానికి అది సున్నా. పల్సార్ కక్ష్య వ్యాసార్థం సుమారు కోటి కిలోమీటర్లు. అంత పెద్ద కక్ష్యలో పొడవు వైపు, వెడల్పు వైపు వ్యాసార్థాల తేడా 30 మీటర్ల లోపే. పల్సార్ గురుత్వాకర్షణ లాగుడుకు రెడ్ జయంట్ ఉబ్బిన ఒంట్లో పుట్టే టైడ్స్ (ఆటుపోట్లు) కక్ష్యను గుండ్రం చేస్తాయి. మరి పూర్తిగా సున్నా ఎందుకు కాలేదు? రెడ్ జయంట్ కవచం ఎప్పుడూ మరుగుతూ ఉంటుంది. ఆ కదలికల వల్ల దాని గురుత్వాకర్షణ అటూ ఇటూ చిన్నగా ఊగుతుంది, కక్ష్యను కాస్త కాస్త కదుపుతుంది. ఈ రెండింటి సమతుల్యం నుంచి ఎంత ఉత్కేంద్రత మిగలాలో ఫిన్నీ 1992లో లెక్క కట్టారు. 68 రోజుల కక్ష్యకు ఆ లెక్క 0.0001 దరిదాపుల్లో వస్తుంది. ఎప్పుడో మాయమైన రెడ్ జయంట్ కవచం మరిగిన గుర్తు ఈనాటి కక్ష్యలో అలాగే ఉండిపోవడం నాకు ఈ కేసులో అన్నిటికన్నా అందంగా అనిపిస్తుంది.

వెనక్కి నడిపిస్తే

కథ ముగింపు గట్టిగా దొరికింది. మొదలు అంత సులువు కాదు.

వైట్ డ్వార్ఫ్ బాగా చల్లారి ఉంది కాబట్టి పదార్థ బదిలీ ముగిసి వందల కోట్ల ఏళ్లయింది. దానికి ముందు ఆ నక్షత్రం తన హైడ్రోజన్ కాల్చుకుని రెడ్ జయంట్‌గా మారడానికి కూడా టైమ్ కావాలి. రెండూ కలిపి విశ్వం వయసులో ఇమడాలి. అందువల్ల ఆ నక్షత్రం మొదట్లో సూర్యుడి కన్నా తేలికైనదై ఉండే అవకాశం తక్కువ. నేను 1.2 సౌర ద్రవ్యరాశులు తీసుకుంటాను. అంటే పోయిన బరువు 0.9.

పోయిన పదార్థమంతా ముందు పల్సార్ దాకా వచ్చి, అక్కడి నుంచి బయటకు విసిరేయబడిందనుకుని కోణీయ ద్రవ్యవేగం లెక్క కడితే, బదిలీ మొదలైనప్పుడు కక్ష్యా కాలం సుమారు 3 రోజులు. ఆ నక్షత్రం మొదటి బరువు 1.0 అనుకుంటే 4 రోజులు. కొంత పదార్థం పల్సార్ మీద నిలిచిందనుకున్నా ఈ పరిధి దాటి పెద్దగా పోదు. 3 రోజుల కక్ష్యలో రోష్ లోబ్ వ్యాసార్థం సూర్యుడికి నాలుగున్నర రెట్లు. అంటే నక్షత్రం అప్పుడే రెడ్ జయంట్ మెట్టు మీద కాలు పెట్టింది, కోర్ 0.2 దరిదాపుల్లో ఉంది.

అంతకు ముందు ఈ జంట అంత దగ్గరికి ఎలా వచ్చింది, సూపర్నోవాను ఎలా తట్టుకుంది అన్నది ఉమ్మడి కవచం దశకు (రెండు నక్షత్రాలూ ఒకే కవచంలో మునిగి తిరిగే దశకు) సంబంధించిన విషయం. ఈ కేసులో ఉన్న కొలతలు దాని గురించి ఏమీ చెప్పలేవు, కాబట్టి అక్కడికి వెళ్లను.

బదిలీ జరుగుతున్నంతసేపూ కక్ష్య ఎందుకు పెరిగిందని చాలామంది అడుగుతారు. తేలికైన నక్షత్రం నుంచి బరువైన నక్షత్రం వైపు పదార్థం వెళితే రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. దూరం పెరిగితే లోబ్ కూడా పెద్దదై బదిలీ ఆగిపోవాలి. కానీ కోర్ పెరిగేకొద్దీ రెడ్ జయంట్ ఇంకా ఉబ్బుతుంది, మళ్లీ లోబ్‌ను అందుకుంటుంది. అందుకే బదిలీ వేగాన్ని నిర్ణయించేది లోపలి మంటే. కోర్ 0.2 నుంచి 0.28 దాకా పెరగడానికి పట్టే కాలం నా లెక్కలో సుమారు 19 కోట్ల ఏళ్లు. ఆ కాలంలో జంట మధ్య దూరం 12 సౌర వ్యాసార్థాల నుంచి 82కి పెరిగింది.

లెక్క కుదరని చోటు

0.9 సౌర ద్రవ్యరాశులు మొత్తం పల్సార్ మీదే పడి నిలిచి ఉంటే, మొదట్లో అది 1.33 నుంచి 0.9 తీసేసినంత, అంటే 0.43 ఉండాలి. అలాంటి న్యూట్రాన్ నక్షత్రం పుట్టదు. ఇప్పటిదాకా బాగా కొలిచిన వాటిలో అతి తేలికైనది 1.17 దగ్గర ఉంది. దాన్నే ఆరంభ బరువుగా తీసుకున్నా పల్సార్ సంపాదించింది 0.16. కొలతలో అనిశ్చితిని మనకు అనుకూలంగా లాగి పల్సార్‌ను 1.43 అనుకున్నా 0.26 మాత్రమే. అంటే రెడ్ జయంట్ ఇచ్చిన దాంట్లో నూటికి 70 పాళ్లకు పైగా, బహుశా 80కి పైగా, జంటను వదిలి వెళ్లిపోయింది.

ఈ మాట చెప్పగానే ఎక్కువమంది ఇచ్చే జవాబు ఎడింగ్‌టన్ పరిమితి. పదార్థం పడేటప్పుడు పుట్టే కాంతి, కొత్తగా వచ్చే పదార్థాన్ని వెనక్కి నెడుతుంది. ఒక హద్దు దాటి మింగడం కుదరదు. నిజమే. కానీ ఆ హద్దు ఎంతో చూడండి. న్యూట్రాన్ నక్షత్రం ఆ పరిమితి దగ్గర మింగుతూ పోతే సుమారు 6 కోట్ల ఏళ్లలో ఒక సూర్యుడంత పదార్థం చేరుతుంది. 19 కోట్ల ఏళ్లలో మూడు సూర్యులంత. ఇక్కడ వచ్చింది 0.9. బదిలీ మొదలైన కొత్తలో, రెండు బరువులూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు, రేటు కాసేపు ఎగిరి ఉండవచ్చు. కానీ సగటు రేటు మాత్రం పరిమితిలో మూడో వంతు కూడా లేదు. కాబట్టి ఎడింగ్‌టన్ పరిమితి ఒక్కటే ఈ నష్టాన్ని వివరించలేదు.

వెడల్పాటి కక్ష్యలకు ఈ జవాబు బాగానే పనిచేస్తుంది. 60 రోజుల దగ్గర మొదలైన జంటలో రెడ్ జయంట్ అప్పటికే బాగా ప్రకాశవంతంగా ఉంటుంది, బదిలీ పరిమితిని దాటేస్తుంది. టౌరిస్, సావొనియె కట్టిన నమూనాల్లో 60 రోజుల దగ్గర మొదలైన జంటలో న్యూట్రాన్ నక్షత్రం 1.3 నుంచి 1.5కు మాత్రమే చేరింది. అదే నమూనాలో 3 రోజుల దగ్గర మొదలైన జంటలో అది 2.05కు చేరింది. మన జంట ఈ రెండో రకానికి చెందింది. మరి మన పల్సార్ 2.05 దగ్గర లేదు, 1.33 దగ్గర ఉంది. ఈ చిక్కును వాళ్లే గుర్తించారు, పరిమితికి లోబడిన జంటల్లో కూడా పదార్థం చాలావరకు బయటకు పోతూ ఉండాలని రాశారు.

నా అంచనా

సగటు రేటును చూడటం దగ్గరే పొరపాటు దొర్లుతుందని నా అభిప్రాయం. రెడ్ జయంట్ నిదానంగా, ఒకే తీరున పోస్తూ ఉండవచ్చు. న్యూట్రాన్ నక్షత్రం దాకా అది అదే తీరులో చేరాలని ఏమీ లేదు. మధ్యలో డిస్క్ ఉంది, అంటే న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ తిరుగుతూ మెల్లగా లోపలికి జారే పదార్థపు పళ్లెం. కక్ష్య పెద్దదైతే డిస్క్ కూడా పెద్దది, దాని అంచులు చల్లగా ఉంటాయి. అక్కడ హైడ్రోజన్ అయనీకరణం చెందదు, పదార్థం లోపలికి జారకుండా పేరుకుపోతుంది. ఏళ్ల తరబడి పేరుకున్నాక ఒక్కసారిగా వేడెక్కి, అంతా లోపలికి దూసుకొస్తుంది. అప్పుడు కొన్ని వారాలో నెలలో రేటు ఎడింగ్‌టన్ పరిమితిని దాటవచ్చు, ఎక్కువైంది బయటకు పోతుంది. ఆ తర్వాత మళ్లీ నిశ్శబ్దం. నిశ్శబ్దంలో వచ్చే కొద్దిపాటి పదార్థాన్ని, వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం అయస్కాంత క్షేత్రం ప్రొపెల్లర్‌లా బయటికే విసిరేస్తుంది. అంటే పదార్థం ఎక్కువైనా పోతుంది, తక్కువైనా పోతుంది. నిలిచే అవకాశం మధ్యలో కొద్దికాలమే.

ఇది ఊహ మాత్రమే కాదు. 1995 డిసెంబరులో బయటపడిన జీఆర్‌ఓ జే1744-28ని చూడండి. అక్కడ న్యూట్రాన్ నక్షత్రం 0.467 సెకన్లకు ఒకసారి తిరుగుతుంది. తోడుగా కవచం చాలావరకు కోల్పోయిన జయంట్ ఉంది. కక్ష్య 11.8 రోజులు. అంటే మన జంట ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో ఆ దారి మధ్యలో ఉన్న కక్ష్య. ఆ జంట 1995-96లో ఎక్స్‌రే కిరణాల్లో విపరీతంగా వెలిగింది, మళ్లీ 1996-97లో వెలిగింది, ఆ తర్వాత 2014లో. మధ్యలో ఏళ్లకేళ్లు చడీచప్పుడు లేదు. రెండు జంటలూ ఒకటే అనడం లేదు. దాని అయస్కాంత క్షేత్రం ఇంకా బలంగా ఉంది, అది అంత నిదానంగా తిరుగుతోంది కూడా. కానీ ఈ తరహా కక్ష్యలో బదిలీ నిలకడగా ఉండదని అది కళ్లకు కట్టినట్టు చూపిస్తోంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది: అంత తక్కువ పదార్థం నిలిస్తే పల్సార్‌కు ఇంత వేగం ఎలా వచ్చింది? లెక్క కట్టి చూస్తే ఇక్కడ ఇబ్బంది లేదు. డిస్క్ లోపలి అంచు నుంచి పడే పదార్థం మోసుకొచ్చే కోణీయ ద్రవ్యవేగం చాలా ఎక్కువ. 4.57 మిల్లీసెకన్లకు చేరడానికి 0.03 సౌర ద్రవ్యరాశులు నిలిస్తే దాదాపుగా సరిపోతుంది. మనం అనుమతించిన 0.16లో అది ఐదో వంతు. వేగం పుంజుకోవడానికి బరువు పెరగనక్కర్లేదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా చూసి, వేగంగా తిరిగే పల్సార్ అంటే బరువైన పల్సార్ అనుకుంటారు. ఈ కేసు చూశాక అలా అనుకోవడం కుదరదు.

మరోవైపు పీఎస్ఆర్ జే0740+6620 ఉంది. కక్ష్య 4.77 రోజులు, వైట్ డ్వార్ఫ్ 0.25, పల్సార్ మాత్రం 2.08. అక్కడ పదార్థం ఎక్కువ నిలిచిందా, లేక ఆ న్యూట్రాన్ నక్షత్రం పుట్టడమే బరువుగా పుట్టిందా? చిన్న కక్ష్యలో డిస్క్ చిన్నది, వేడిగా ఉంటుంది, ప్రవాహం నిలకడగా సాగే అవకాశం ఎక్కువ. అందుకని మొదటి దాంట్లో కొంత నిజం ఉంటుందనే నా మొగ్గు. కానీ రెండోదాన్ని కొట్టిపారేయడానికి నా దగ్గర ఏ కొలతా లేదు, అందుకే దాన్ని ఎప్పుడూ లెక్కలో ఉంచుతాను.

దారికి ఇంకో చివర ఏం జరుగుతుందో చూడాలంటే పీఎస్ఆర్ బీ0820+02 చాలు. కక్ష్య 1,232 రోజులు, పల్సార్ తిరగడానికి 0.865 సెకన్లు పడుతుంది. అంత దూరంలో ఉన్న రెడ్ జయంట్ తన లోబ్ నిండేసరికి ముసలిదైపోతుంది. కవచంలో మిగిలింది తక్కువ, బదిలీ కాలమూ తక్కువ. పల్సార్‌కు వేగం పుంజుకునే వీలే దొరకలేదు.

నమూనాలో ఏం మార్చుతాను

జంటల పరిణామ నమూనాల్లో, వచ్చిన పదార్థంలో ఎంత భాగం నిలుస్తుందో చెప్పే ఒక అంకెను మొదటే ఇచ్చి, బదిలీ ముగిసేదాకా అదే ఉంచడం అలవాటు. అలా చేస్తే 1.33 వచ్చేలా అంకెను సరిపెట్టవచ్చు. కానీ దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. నేను ఆ అంకెను కక్ష్యా కాలంతో పాటు మారనిస్తాను. 3 నుంచి 5 రోజుల దాకా డిస్క్ నిలకడగా ఉందేమో చూసి, ఉంటే ఎక్కువ నిలవనిస్తాను. కక్ష్య పెరిగి డిస్క్ అంచు చల్లబడగానే తగ్గిస్తాను. ఇలా చేసినప్పుడు పల్సార్ తన వేగంలో ఎక్కువ భాగాన్ని కథ మొదట్లోనే సంపాదించి, తర్వాతి కాలమంతా పెద్దగా బరువు పెరగకుండా గడిపినట్టు వస్తుంది. చివర్లో బదిలీ ఆగిపోయేటప్పుడు అయస్కాంత క్షేత్రం విస్తరించి కొంత వేగాన్ని తినేస్తుంది కూడా. కాబట్టి నేటి 4.57 మిల్లీసెకన్లను గరిష్ఠ వేగంగా తీసుకోకూడదు.

వైట్ డ్వార్ఫ్ బరువుకూ కక్ష్యా కాలానికీ ఉన్న సంబంధం మాత్రం ఈ మార్పులతో కదలదు. అది కోర్, వ్యాసార్థం, లోబ్‌ల మీద నిలబడింది. పదార్థం ఎటు పోయిందో దానికి పట్టదు. అందుకే ఆ సంబంధం సరిపోయిందని చూపించి, నష్టం గురించి కూడా నమూనా సరైనదే అని వాదించే పత్రాలను నేను ఒప్పుకోను. నష్టాన్ని పరీక్షించగలిగేది పల్సార్ బరువు ఒక్కటే.

ఆ బరువులోని 0.10 అనిశ్చితి తగ్గితే నిలిచిన పాలు పదో వంతా, నాలుగో వంతా అన్నది తేలుతుంది. దానికి కావలసింది మరింత కాలం పల్స్‌ల రాకను కొలవడం. 2021 ఏప్రిల్‌లో ఈ పల్సార్ పల్స్ ఆకారం ఉన్నట్టుండి మారిపోయింది. ఆ మార్పు పుణె దగ్గరున్న రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీ పరిశీలనల్లో కూడా కనబడింది. ఆ తర్వాత ఆకారం నెమ్మదిగా పాత తీరు వైపు తిరిగి వస్తూ వచ్చింది. కాబట్టి ఆ తేదీకి ముందు కొలతలనూ తర్వాత కొలతలనూ ఒకే నమూనా ఆకారంతో కలిపేయకుండా విడిగా సరిచూసుకున్నాకే షపీరో ఆలస్యాన్ని మళ్లీ లెక్క కట్టాలి.